దద్దుర్లు వేరు, మెడ మీద మచ్చ వేరు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. భీమవరం దగ్గర పల్లెటూరు మాది. ఇంట్లోనే మిషన్ కుడుతుంటాను. ఏడాదిన్నర నుంచి ఒంటి మీద దద్దుర్లు. పొద్దున బాగానే ఉంటాను. సాయంత్రం అయ్యేసరికి తొడల మీద, వీపు మీద, లంగా బొందు కట్టుకునే చోట దోమ కుట్టినట్టు లేస్తాయి. గోకితే అరచేతంత అవుతాయి. తెల్లారేసరికి ఏమీ ఉండదు. మెడ వెనకాల, గుండెల మీద ఒకచోట మాత్రం నల్లగా, గరుకుగా అయిపోయి ఎప్పుడూ దురదే. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేస్తే నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలు. మెడకి మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తున్నాను. టౌన్‌లో ఎలర్జీ టెస్టు అని రక్తం తీసుకుని, ఎనిమిది వేలు కట్టించుకుని, 19 రకాలు పడవని రిపోర్టు ఇచ్చారు. వంకాయ, గోంగూర, టమాటా, గుడ్డు, చేప, రొయ్య, పెసరపప్పు అన్నీ మానేశాను. ఆరు నెలలుగా చారన్నం, మజ్జిగన్నం. ఏడు కిలోలు తగ్గాను, జుట్టు ఊడిపోతోంది, దద్దుర్లు మాత్రం తగ్గలేదు. మధ్యాహ్నం నడుం నొప్పి మాత్ర వేసుకుంటే గానీ మిషన్ మీద కూర్చోలేను. రెండేళ్ల కిందట నా బంగారు గొలుసు రొయ్యల చెరువు కోసం బ్యాంకులో పెట్టాం, ఇప్పుడు మెడలో ఉన్నది రోల్డ్‌గోల్డ్. అప్పుల టెన్షన్ ఒకపక్క, ఈ రోగం ఒకపక్క. మా అత్తగారు నా తువ్వాలు వేరుగా ఆరేయమంటున్నారు. ఎనిమిదేళ్ల పాపని పక్కన పడుకోబెట్టుకోవాలన్నా భయమేస్తోంది. నా రక్తం చెడిపోయిందా? దీనికి కారణం ఏమిటి?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి. మీరు రాసినదాంట్లో అంటుకునే జబ్బు లక్షణం ఒక్కటి కూడా లేదు. దద్దుర్లు అంటుకోవు. మెడ మీద మచ్చ కూడా, నేను అనుకుంటున్నది అయితే, అంటుకోదు. ఈ రాత్రే పాపని పక్కన పడుకోబెట్టుకోండి. తువ్వాలు అందరితో కలిపి ఆరేయండి. ఈ ముక్క మీ అత్తగారికి చదివి వినిపించండి. మీ రక్తం చెడిపోలేదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు అని నా నమ్మకం. రెండిటికీ దురద ఉంది కాబట్టి రెండిటినీ కలిపి అందరూ ‘ఎలర్జీ’ అనేశారు. ఒక్క పేరు పెట్టాక ఒక్క కారణం కోసమే వెతుకుతారు. అది దొరక్కపోయేసరికి తిండి మీద పడతారు. చర్మం దురదతో వచ్చే ఎంతోమంది ఆడవాళ్లని ఇలాగే చిక్కి శల్యమై చూశాను. వాళ్లకి జబ్బు చేసిన నష్టం కంటే పథ్యం చేసిన నష్టమే ఎక్కువ. ఆ బాధతోనే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

సాయంత్రం లేచి తెల్లారేసరికి మాయమయ్యేవి దద్దుర్లు. మీ మాట మీదే వదిలేయకుండా ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఈసారి దద్దురు లేవగానే బాల్‌పెన్ తీసుకుని దాని అంచు చుట్టూ గీత గీయండి. పక్కనే టైము రాయండి. మర్నాడు అదే టైముకి చూడండి. గీత ఉండి, లోపల చర్మం మామూలుగా ఉందంటే అది దద్దురే. కొత్తవి ఇంకోచోట లేచి ఉండవచ్చు, అది వేరే సంగతి. ఆ గీసినది మాత్రం 24 గంటల్లో పోవాలి. పోకుండా అక్కడే ఉండి, దురద కంటే మంట, నొప్పి ఎక్కువగా ఉండి, తగ్గాక కమిలినట్టు మచ్చ వదిలితే అది రక్తనాళాల వాపు వల్ల వచ్చే ఇంకో రకం కావచ్చు. దానికి చర్మంలో చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. లేవగానే ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేది పొద్దున పూట, అప్పటికి ఒళ్లంతా మామూలే. చూపించడానికి ఏమీ లేక ‘ఎలర్జీ’ అని చీటీ రాయించుకుని రావడం మీకే కాదు, చాలామందికి జరుగుతుంది.

దద్దుర్లు ఆరు వారాలు దాటి వస్తూ పోతూ ఉంటే వాటిని దీర్ఘకాలిక దద్దుర్లు అంటాం. మన చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి. వాటి నిండా హిస్టమిన్ అనే రసాయనం ఉంటుంది. అది బయటపడితే చుట్టుపక్కల సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, దురద పుడుతుంది. కొత్త దద్దుర్లు, అంటే వచ్చి వారం పది రోజులే అయినవైతే, తిండో, జ్వరమో, కొత్తగా వేసుకున్న మాత్రో ఆ కణాలని రెచ్చగొట్టి ఉండవచ్చు. ఏడాదిన్నర నుంచి దాదాపు రోజూ వస్తున్నాయంటే కథ వేరు. వీళ్లలో చాలామందికి శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున ఆ మాస్ట్ కణాలని తట్టి లేపుతూ ఉంటుంది. థైరాయిడ్ గ్రంథి మీద కూడా ఇదే రక్షణ వ్యవస్థ దాడి చేసే జబ్బు వీళ్లలో కొందరికి ఉంటుంది. అందుకే థైరాయిడ్ పరీక్ష చేయించమంటాం. కారణం లోపల ఉన్నప్పుడు కంచంలో ఎంత వెతికినా దొరకదు.

దానికి రుజువు మీ ఉత్తరంలోనే ఉంది. ఆరు నెలలు చారన్నం తిన్నారు. దద్దుర్లు తగ్గలేదు. మీరు మానేసినవి కారణమై ఉంటే ఈపాటికి తగ్గాలి. ఎనిమిది వేల రిపోర్టు కంటే మీ ఆరు నెలల అనుభవమే పెద్ద పరీక్ష, అది చెప్పిన జవాబు నమ్మండి.

మరి 19 రకాలు పడవని రిపోర్టులో ఎలా వచ్చింది? ఆ పరీక్ష, రక్షణ వ్యవస్థ తయారుచేసే ఐజీఈ అనే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూస్తుంది. ఒక తిండికి ఐజీఈ కనబడినంత మాత్రాన ఆ తిండి తింటే మీకు రోగం వస్తుందని కాదు. వంకాయకి పాజిటివ్ వచ్చి, రోజూ గుత్తివంకాయ తిని హాయిగా ఉన్నవాళ్లు ఎందరో. నిజమైన తిండి ఎలర్జీ దాక్కోదు. సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు బయటపడుతుంది, తిన్న ప్రతిసారీ దాదాపు అదే వరస. పెదాలు వాచడం, గొంతులో దురద, వాంతి, ఒళ్లంతా ఒక్కసారిగా లేవడం. అలాంటి అనుమానం ఉన్న ఒకటి రెండు పదార్థాలకి ఈ పరీక్ష పనికొస్తుంది. ఏ అనుమానమూ లేకుండా పాతిక, యాభై రకాలకి ఒకేసారి చేయిస్తే ఇదిగో, ఇలా చారన్నం మిగులుతుంది.

కాబట్టి తిండి మళ్లీ మొదలుపెట్టండి. ఒక్కసారిగా అన్నీ కాదు, రెండు మూడు రోజులకి ఒకటి. ముందు పెసరపప్పు, తర్వాత టమాటా, వంకాయ, గోంగూర. ఆ తర్వాత గుడ్డు, చేప. ఎప్పుడూ వచ్చే టైముకి సాయంత్రం నాలుగు దద్దుర్లు లేస్తే దాన్ని ఆ పూట తిన్న వంకాయ మీద వేయకండి. అవి ఎలాగూ వచ్చేవే. తిన్న రెండు గంటల్లో కొత్తగా, ఎక్కువగా ఏమైనా వచ్చిందా అన్నదే చూడండి. రొయ్య దగ్గర మాత్రం ఒక్క ప్రశ్న. ఎప్పుడైనా రొయ్యలు తిన్న గంటా రెండు గంటల్లో పెదాలు వాచడం, ఆయాసం, కళ్లు తిరగడం జరిగిందా? జరిగి ఉంటే ఇంట్లో ప్రయత్నం చేయవద్దు, డాక్టర్‌తో మాట్లాడాకే. గుడ్డుకీ చేపకీ ఇదే మాట. పుట్టినప్పటి నుంచి రొయ్యల ఇగురు తింటూ ఏనాడూ ఏమీ కాకపోతే రొయ్యల భయం పెట్టుకోకండి. జుట్టు ఊడటం, బరువు తగ్గడం, నీరసం చాలావరకు తిండి లేకనే అయి ఉంటాయి. రక్తం ఎంతుందో పరీక్ష చేయించండి.

ఇప్పుడు మీరు ఉత్తరంలో ఏదో ధోరణిలో రాసేసిన రెండు మాటలు. వాటి దగ్గరే నేను ఆగాను.

మొదటిది, మధ్యాహ్నం వేసుకునే నడుం నొప్పి మాత్ర. దాని పేరు రాయలేదు. మన దగ్గర నడుం నొప్పికి ఎక్కువగా ఇచ్చేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి. దీర్ఘకాలిక దద్దుర్లు ఉన్నవాళ్లలో కొందరికి ఈ మాత్రలు నిప్పులో ఆజ్యం పోసినట్టు చేస్తాయి. మధ్యాహ్నం మాత్ర, సాయంత్రం దద్దుర్లు. ఈ జబ్బు మామూలుగానే సాయంత్రం, రాత్రి పెచ్చుమీరుతుంది, అందుకని తప్పంతా మాత్రదే అని తేల్చి చెప్పను. తేల్చుకునే దారి మాత్రం సులువు. ఒక మూడు వారాలు ఆ మాత్రలు పూర్తిగా ఆపండి. నొప్పి మరీ ఎక్కువైతే పారాసిటమాల్ వేసుకోండి, అది చాలామందికి పడుతుంది. మాత్ర వెనక రేకు మీద మందు పేరు చూడండి. కొన్ని ‘నొప్పి మాత్రల’లో పారాసిటమాల్‌తోపాటు డైక్లోఫెనాక్ కూడా కలిసి ఉంటుంది. ఇది చదివి గుండె జబ్బుకి ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు ఎవరూ తమంతట తాము ఆపకూడదు. మిషన్ ముందు స్టూలు ఎత్తు సరిచేసుకోండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. నడుం బాగుంటే మాత్ర అవసరమే తగ్గుతుంది.

లంగా బొందు దగ్గర లేవడం కూడా ఒక ఆనవాలు. నొక్కుడు పడిన చోట, గీరిన చోట దద్దురు లేచే గుణం కొందరి చర్మానికి ఉంటుంది. ముంజేతి మీద పెన్ను మూతతో కాస్త ఒత్తి ఒక గీత గీసి పది నిమిషాలు ఆగండి. గీత గీసినట్టే ఎర్రటి గట్టు లేస్తే మీ చర్మానిది ఆ తత్వమే. మీరు కుట్టుపని తెలిసినవారు, సన్న బొందుకి బదులు మూడు వేళ్ల వెడల్పు గుడ్డ పట్టీ మీరే కుట్టుకోగలరు. అది వదులుగా కట్టుకోండి. బాగా వేడి నీళ్లు, ఉక్కపోత, దురద పుట్టగానే గోకడం, ఇవన్నీ దద్దుర్లని పెంచేవే. గొంగడి కప్పుకుంటే తగ్గుతాయని పెద్దవాళ్లు చెప్పినా వద్దు. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ వేయండి.

మందు సంగతి. ఆర్‌ఎంపీ గారు చేసిన ఇంజెక్షన్‌లో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. నాలుగు రోజులు హాయిగా ఉండటానికి కారణం అదే. పదే పదే చేయించుకుంటే షుగరు, బీపీ, ఎముకల బలహీనత అన్నీ వెంట వస్తాయి. దద్దుర్లకి అసలు మందు నిద్రమత్తు తక్కువ ఇచ్చే యాంటీహిస్టమిన్ మాత్ర. లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటివి. అందరూ చేసే పొరపాటు, దద్దుర్లు లేచాక మాత్ర వేసుకోవడం. అప్పటికి హిస్టమిన్ చేయాల్సిన పని చేసేసి ఉంటుంది. లేచినా లేవకపోయినా రోజూ ఒకే వేళకి వారాల తరబడి వేసుకుంటేనే ఈ మందు గుణం తెలుస్తుంది. రోజుకి ఒక మాత్ర రెండు నుంచి నాలుగు వారాలు వాడినా తగ్గకపోతే, డాక్టర్ చూస్తూ అదే మందుని నాలుగు రెట్ల దాకా పెంచవచ్చు. మీ అంతట మీరు పెంచకండి. దానికీ లొంగని వాళ్లకి ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ నాలుగు వారాలకోసారి ఇస్తారు. ఖరీదైనది. మీకు అంతదూరం వస్తుందని ఇప్పుడే అనుకోనక్కర్లేదు. ఈ జబ్బు జీవితాంతం ఉండేది కాదు, చాలామందికి ఒకటి నుంచి ఐదేళ్లలో దానంతట అది సద్దుమణుగుతుంది. అప్పటిదాకా దాన్ని అదుపులో పెట్టుకుని మామూలు బతుకు బతకడమే మనం చేయాల్సింది. పరీక్షలు కూడా పెద్దగా అక్కర్లేదు. మామూలు రక్తపరీక్ష, ఒంట్లో వాపు ఉందా అని చూసే ఈఎస్‌ఆర్, థైరాయిడ్ చాలు మొదట్లో.

రెండో మాట, మెడలో రోల్డ్‌గోల్డ్ గొలుసు. దాన్ని మీరు అప్పుల బాధ కింద రాశారు. నాకది జబ్బుకి ఆచూకీ. మెడ వెనకాల మచ్చ కదలకుండా ఒకేచోట ఉంది, నల్లబడింది, దళసరి అయింది. అది దద్దురు చేసే పని కాదు. ఒంటికి ఏదో తగిలి చర్మం వాచి దురదపెట్టే ఎగ్జిమా అనే జబ్బు అలా ఉంటుంది. బంగారం కాని నగల్లో చాలావాటిలో పూత కింద నికెల్ అనే లోహం ఉంటుంది. చెమటకి ఆ నికెల్ కరిగి చర్మంలోకి దిగుతుంది. ఒకసారి ఒంటికి నికెల్ పడకుండా పోయిందంటే, తర్వాత ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజులకి అక్కడ దురద. వెంటనే రాదు కాబట్టి గొలుసు మీదికి ఎవరి అనుమానమూ వెళ్లదు. కొన్న మొదట్లో ఏమీ కాలేదు కదా అంటారు. పూత అరిగేదాకా ఏమీ కాదు మరి. ఐరోపా సమాఖ్య ఒంటికి తగిలే నగల నుంచి ఎంత నికెల్ బయటికి రావచ్చో 1994లోనే హద్దు పెట్టింది. మనం దుకాణంలో కొనే గొలుసు మీద అలాంటి వివరం ఏదీ రాసి ఉండదు.

మరి గుండెల మీద ఆ ఒక్క మచ్చ? మిషన్ కుట్టే మీరు గొలుసుకి పిన్నీసులు పెట్టుకుంటారా? చాలామంది ఆడవాళ్లు పెట్టుకుంటారు, చేతికందే చోట ఉంటాయని. పిన్నీసులకీ ఎక్కువగా నికెల్ పూతే. చాలా ఏళ్ల కిందట ఒక టీచరమ్మ ఇలాంటి మచ్చతోనే వచ్చింది. ఆమె గుండెల మీద మచ్చ సరిగ్గా పిన్నీసు పొడవే ఉంది. డైమిథైల్‌గ్లయాక్సిమ్ అనే మందు, అమ్మోనియా కలిపిన చుక్క దూది మీద వేసి, ఆమె గొలుసు కొక్కేన్ని అర నిమిషం రుద్దాను. దూది గులాబీ రంగుకి తిరిగింది. నికెల్ ఉంటే వచ్చే రంగు అది. పిన్నీసుకి ఇంకా ముదురుగా వచ్చింది. ఆవిడ ఆ దూదిని కాగితంలో పొట్లం కట్టుకుని తీసుకెళ్లింది, ఇంట్లో చూపిస్తేగానీ నమ్మరని.

మెడలో గొలుసు తీసేయమంటే మన ఇళ్లలో ఎంత కష్టమో నాకు తెలుసు. సూత్రాలు బంగారానివైతే వాటిని పసుపుతాడుకి గుచ్చుకోండి. గొలుసు, పిన్నీసులు మాత్రం పూర్తిగా తీసేయాలి. రాత్రి తీసి పొద్దున వేసుకుంటే లాభం లేదు. పసుపు కూడా ఎప్పుడో ఒకరికి పడదు, అందుకని ఆ మచ్చ మానేదాకా తాడుకి రోజూ కొత్తగా పసుపు రాయకండి. గొలుసుకి నెయిల్ పాలిష్ పూయడం కొందరు చేస్తారు. చెమటకి, రాపిడికి అది త్వరగా ఊడిపోతుంది. చెవులకి, చేతులకి ఉన్నవి కూడా ఒకసారి చూసుకోండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో దురద బాగా తగ్గాలి. నలుపు పోవడానికి ఇంకా నెలలు పడుతుంది, దానికి కంగారు పడకండి.

తగ్గకపోతే ప్యాచ్ టెస్ట్ చేయించండి. మీరు చేయించుకున్న రక్తపరీక్ష ఇలా తగలడం వల్ల వచ్చే ఎలర్జీని పట్టలేదు, అది ఈ పనికి పుట్టినది కాదు. ప్యాచ్ టెస్ట్‌లో నికెల్, రబ్బరు, పరిమళాలు, జుట్టు రంగులో ఉండే రసాయనం లాంటివి చిన్న చిన్న బిళ్లల్లో పెట్టి వీపుకి అంటిస్తారు. 48 గంటలకి తీసి చూస్తారు, 96 గంటలకి మళ్లీ చూస్తారు. అన్ని రోజులు వీపు తడపకూడదు. చెమట తక్కువ పట్టే శీతాకాలంలో పెట్టుకుంటే మీకు సుఖం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్న కొత్తలో పరీక్ష సరిగ్గా రాదు, అది ముందే డాక్టర్‌కి చెప్పండి.

మందుల షాపు ట్యూబు ఇవాళ్టితో ఆపేయండి. అలాంటి ట్యూబుల్లో తరచూ బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపేసి ఉంటాయి. రాయగానే దురద చల్లారుతుంది, నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి. తామర మీద రాస్తే పైకి తగ్గినట్టుండి కింద పాకుతుంది. స్టెరాయిడ్ పూత మందులు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో వాటిని షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇస్తూనే ఉన్నారు. మీ మచ్చకి కొన్నాళ్లు స్టెరాయిడ్ పూత అవసరమే కావచ్చు. అది ఎంత బలమైనది, ఎన్ని రోజులు అన్నది చర్మ వైద్యులు చూసి చెప్పాలి. అప్పటిదాకా స్నానం కాగానే కొబ్బరినూనెగానీ, వాసన లేని వాజిలిన్‌గానీ రాయండి.

ఇదే దురదతో బాధపడే మిగతా పాఠకులకి ఒక మాట. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి, రాత్రిళ్లు, వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ దురదగా ఉంటే అది గజ్జి. ఇంటిల్లిపాదీ ఒకేరోజు మందు రాసుకోవాలి. పొలం పనికెళ్లే వాళ్లకి మొహం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదపెట్టి మందమైతే వయ్యారిభామ మొక్కని అనుమానించాలి. వీళ్లెవరికీ నేను పైన రాసిన దద్దుర్ల మాత్ర మీద ఆధారపడితే సరిపోదు.

ఒక్క విషయంలో ఆలస్యం వద్దమ్మా. నాలుక, గొంతు వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరాడకపోయినా, దద్దుర్లతోపాటు కళ్లు తిరిగి పడిపోతున్నట్టున్నా ఇంట్లో మాత్ర వేసుకుని చూద్దాం అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. అక్కడ ప్రాణం కాపాడేది తొడకి చేసే ఎడ్రినలిన్ ఇంజెక్షన్.

భీమవరంలోనే చర్మ వైద్యులు ఉన్నారు, ఏలూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఫొటోలు, నొప్పి మాత్ర రేకు, మెడకి రాసిన ట్యూబు, ఆ గొలుసు ఒక కవర్‌లో వేసి తీసుకెళ్లండి. ఇంట్లో క్యాలెండర్ మీద మూడు తేదీలు గుర్తు పెట్టుకోండి. నొప్పి మాత్ర ఆపిన రోజు, గొలుసు తీసిన రోజు, రోజువారీ మాత్ర మొదలైన రోజు. దద్దుర్లు లేచిన సాయంత్రాలకి ఒక చుక్క పెట్టండి, నెలసరి రోజులు కూడా గుర్తు వేయండి. కొందరికి ఆ ముందు రోజుల్లో ఎక్కువవుతాయి. ఆరు వారాలయ్యాక ఆ పేజీ చూసి నాకు మళ్లీ రాయండి. ఏమేం తింటున్నారో కూడా రాయండి.